శివారు పొలానికి నీరు

కాలువ మొదలయ్యేచోట నీటి విలువ ఎవరికీ పెద్దగా తెలియదు. అది ముగిసేచోట పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. మా ఊరు దివిసీమలో, కాలువ ముగిసేచోట ఉన్నది. ప్రకాశం బ్యారేజీ వద్ద విడిచిన కృష్ణానీరు ఎన్నో ఊళ్లు దాటి, ఎన్నో తూముల గుండా చీలి, మా పొలాలను చేరేసరికి సన్నని ధార అయ్యేది. కొన్ని సంవత్సరాలలో అది కూడా చేరేది కాదు.

మా నాన్న నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేశారు. కాలువ గట్టు వెంట నడవడం, తూము తలుపులు ఎత్తడం, దించడం, గుర్రపుడెక్క తీయించడం, గండి పడితే పూడ్పించడం ఆయన ఉద్యోగం. భుజాన పార, చేతిలో టార్చిలైటు, చెప్పులు లేని పాదాలు. నా బాల్యస్మృతులలో నిలిచిన ఆయన రూపం ఇదే. నారుమడి ఎండిపోతున్న రైతు వచ్చి వాకిట్లో కేక వేస్తే, అర్ధరాత్రి అయినా లేచి వెళ్లేవారు. సెలవు రోజులలో నేను కూడా ఆయన వెంట నడిచేదాన్ని. “కాలువలో నీళ్లున్నాయా అని కాదమ్మా చూడవలసింది. ఆఖరి చేను తడిసిందా అని చూడాలి” అనేవారు. ఆ మాట వ్యవసాయానికి సంబంధించినదని మాత్రమే నేను అప్పుడు అనుకున్నాను. అది మనిషి దేహానికి కూడా వర్తిస్తుందని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. అందుకు చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు.

2011లో, సార్వా నాట్లు ముగిసిన రోజులలో, నాన్న పాదానికి నత్తగుల్ల కోసుకున్నది. అప్పటికే ఆయనకు పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్నది. ఆ వ్యాధి ముదిరినవారిలో పాదాల నరాలు మొద్దుబారతాయి. గాయమైనా నొప్పి తెలియదు. నాన్నకు కూడా తెలియలేదు. సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రబడడం చూసి అమ్మ పసుపు అద్దింది. ఆ వారం ఫోనులో మాట్లాడినప్పుడు, “కాలికి ఏదో గీసుకుందిలేమ్మా” అన్నారు. నేను అప్పుడు జీవశాస్త్రంలో పరిశోధన విద్యార్థినిని. మధుమేహ రోగి పాదం మీద పుండు ఎంత ప్రమాదకరమో చదువుకున్నదాన్ని. నా వెనుకటి విద్యార్థులకు బోధించినదాన్ని. అయినా ఆ రాత్రి నేను పూర్తిచేయవలసిన నివేదిక ఒకటి ఉన్నది. “జాగ్రత్త నాన్నా” అని ఫోను పెట్టేశాను. గాయం ఎంత లోతుగా ఉంది, ఏ రంగులో ఉంది, డాక్టరుకు చూపించారా అనే మూడు ప్రశ్నలలో ఒక్కటి కూడా అడగలేదు.

మూడు వారాల తరువాత చలిజ్వరంతో ఆయనను పట్నంలోని ఆసుపత్రికి తీసుకువచ్చారు. నేను వెళ్లేసరికి రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. వైద్యుడు పరీక్షలన్నీ చూసి మాతో నిదానంగా మాట్లాడారు. తొడలోని పెద్ద ధమనిలో రక్తం బాగానే ప్రవహిస్తున్నదనీ, మోకాలి దిగువన ఉన్న సన్నని నాళాలు పూడిపోయాయనీ చెప్పారు. “మందు ఎంత మంచిదైనా, రక్తంతో కలిసి పాదం దాకా చేరితేనే కదా పనిచేసేది” అన్నారు. నాన్న అంతా విని, కొంతసేపు పైకప్పు వైపు చూసి, “అంటే శివారుకు నీరందలేదన్నమాట” అన్నారు. మర్నాడు ఆయన ఎడమకాలిని మోకాలి దిగువన తొలగించారు.

ఆ మాటే నా పరిశోధనను మలుపు తిప్పింది. అంతవరకు నేను మాంసకృత్తుల నిర్మాణాన్ని ఒక చక్కని గణితసమస్యలాగా చదివేదాన్ని. ఆ తరువాత, రక్తనాళాలను పెరిగేటట్లు చేయగల మాంసకృత్తులను తయారుచేసే ఒక ప్రయోగశాలలో చేరాను. నేటికీ ఆ పనిలోనే ఉన్నాను. ఆ పని ఏమిటో, అది ఎందుకు ఇంత కష్టమో మీకు చెప్పాలని ఉన్నది.

మన దేహంలోని ప్రతి కణానికి ప్రాణవాయువు కావాలి. రక్తకేశనాళిక నుంచి అది తనంత తానుగా వ్యాపించగలిగే దూరం చాలా తక్కువ. దాదాపు 100 నుంచి 200 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఐదవ వంతు దాటదు. అందువల్ల దాదాపు ప్రతి కణం పక్కనా ఒక సన్నని నాళం ఉండి తీరాలి. రక్తం దేహమంతటా తిరిగి హృదయాన్ని చేరుతుందని 1628లో విలియం హార్వే నిరూపించాడు. కాని ధమనుల నుంచి సిరలకు రక్తం ఏ దారిన వెళుతున్నదో ఆయన చూడలేకపోయాడు. 1661లో ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీజీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఆ దారిని కనుగొన్నాడు. అవే రక్తకేశనాళికలు. మా ఊరి భాషలో చెప్పాలంటే, అవి చేలకు నీరందించే పిల్లకాలువలు.

పెద్ద కాలువలను బాగుచేయడం మనిషి ముందుగా నేర్చుకున్నాడు. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురై, లోపలి రక్తనాళం తెగి మరణించాడు. తెగిన నాళాన్ని కుట్టే విద్య అప్పటి వైద్యులకు తెలియదు. ఆ నగరంలోనే వైద్యశిక్షణలో ఉన్న అలెక్సిస్ కారెల్‌ను ఆ మరణం కలచివేసింది. అతడు లేసు అల్లే ఒక స్త్రీ దగ్గర సన్నని సూదిపని నేర్చుకుని, రక్తనాళాలను కుట్టే పద్ధతిని రూపొందించాడు. 1912లో నోబెల్ బహుమతి పొందాడు. సూదికి అందే నాళాలకు ఆ విద్య ఉపకరించింది. కంటికే కనబడని కేశనాళికను కుట్టగల సూది లేదు. దానిని దేహమే పెంచుకోవాలి. మనం చేయగలిగినది, అది పెరగడానికి తగిన నేలను సిద్ధం చేయడమే.

దెబ్బతిన్న అవయవానికి బదులుగా కణజాలాన్ని పెంచాలన్న ప్రయత్నం కూడా ఈ అడ్డంకి దగ్గరే ఆగింది. పలుచని కణజాలాల విషయంలో విజయాలు లభించాయి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి, రోగి కంటి అంచున ఉండే మూలకణాలను పెంచి, దెబ్బతిన్న కార్నియా ఉపరితలాన్ని బాగుచేస్తూ వచ్చారు. కార్నియాకు రక్తనాళాలు ఉండవు. ప్రాణవాయువును గాలి నుంచి, కన్నీటి నుంచి తీసుకుంటుంది. కాని గుండె కండరమో కాలేయమో ఒక సెంటీమీటరు మందాన పెంచితే, అంచులలోని కణాలు బతుకుతాయి, నడుమనున్నవి చనిపోతాయి. మధ్య చేను ఎండిపోతుంది.

తీగ ఎగబాకడానికి పందిరి కావాలి. కణాలకు కూడా అటువంటి ఆధారం కావాలి. దేహంలో కణాల చుట్టూ ఉండే మాంసకృత్తుల అల్లికే సహజమైన పందిరి. అందులో ముఖ్యమైనది కొల్లాజెన్. అది మూడు పోగులు కలిసిన నిర్మాణమని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. అందుకు అవసరమైన కంగారూ తోక స్నాయువు ఆ నగరంలోనే ఉన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ద్వారా వారికి లభించింది. విశేష సదుపాయాలు లేని రోజులలో మన దేశంలో జరిగిన ఆ కృషిని తలచుకున్నప్పుడల్లా నాకు ధైర్యం కలుగుతుంది.

జంతువుల నుంచి తీసిన కొల్లాజెన్‌తో పందిరి వేయవచ్చు. కాని అది ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా ఉంటుంది. మనకు కావలసిన గుణాలను అందులో చేర్చడం కష్టం. అందువల్ల శాస్త్రవేత్తలు మాంసకృత్తిని తామే రచించడం ప్రారంభించారు. మన ధమనులకు సాగే గుణాన్నిచ్చే ఇలాస్టిన్‌లో ఐదు అమైనో ఆమ్లాల వరుస ఒకటి పదేపదే వస్తుంది: వాలిన్, ప్రోలిన్, గ్లైసిన్, తరువాత మరొక ఆమ్లం, మళ్లీ గ్లైసిన్. ఆ నాలుగవ స్థానంలో ప్రోలిన్ తప్ప దాదాపు దేనినైనా ఉంచవచ్చు. ఈ వరుసకు తగిన జన్యువును రాసి బాక్టీరియాలో ప్రవేశపెడితే, అవి ఆ మాంసకృత్తిని మనకు తయారుచేసి పెడతాయి.

దానికి ఒక వింత గుణం ఉన్నది. చాలా పదార్థాలు వేడికి కరుగుతాయి. ఇది చల్లని నీటిలో కరిగి, వెచ్చబరిస్తే ముద్దకడుతుంది. ఈ గుణాన్ని ఉపయోగించి దానిని శుద్ధిచేసే పద్ధతిని 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. బాక్టీరియాలను పగలగొట్టిన ద్రవాన్ని చల్లగా ఉంచి వేగంగా తిప్పితే చెత్త అడుగున చేరుతుంది. పైతేటను వెచ్చబరచి మళ్లీ తిప్పితే, ఈసారి మన మాంసకృత్తి అడుగున చేరుతుంది. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే శుభ్రమైన పదార్థం మిగులుతుంది. దాని పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తే, నీటిని పట్టి ఉంచే మెత్తని ముద్ద తయారవుతుంది. చూడడానికి లేత తాటిముంజలాగా ఉంటుంది.

ఆ ముంజలో మేము మూడు సంగతులను ముందుగానే రాసి ఉంచుతాము. మొదటిది, కణం పట్టుకోవడానికి పిడి. అర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడింటి వరుసను కణాలు గుర్తుపట్టి అంటిపెట్టుకుంటాయని 1984లో పియర్ష్‌బాకర్, రూస్లాటీ కనుగొన్నారు. రెండవది, తెగే చోటు. పెరిగే నాళం ముందున్న కణం కొన్ని ఎంజైములను స్రవించి దారి చేసుకుంటుంది. ఆ ఎంజైములు కత్తిరించగల ముక్కలను పోగుల నడుమ అమరుస్తాము. నాళం వచ్చినచోట ముద్ద కరుగుతుంది, రానిచోట నిలుస్తుంది. మూడవది, పిలుపు. ప్రాణవాయువు అందని కణాలు వి.ఇ.జి.ఎఫ్. అనే మాంసకృత్తిని విడుదలచేసి రక్తనాళాలను తమ వైపు పిలుస్తాయి. దానికి ఆ పేరు 1989లో వచ్చింది. కణాలు ప్రాణవాయువు కొరతను ఎలా గ్రహిస్తాయో వివరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంగతి చదివినప్పుడు మా వాకిట్లో కేకవేసిన రైతులే నాకు జ్ఞాపకం వచ్చారు.

పిలుపు ఉన్నంత మాత్రాన పని జరగదు. గుండెజబ్బు రోగులకు వి.ఇ.జి.ఎఫ్.ను నేరుగా ఎక్కించి చూసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2003లో వెలువడ్డాయి. అరవై రోజుల తరువాత చూస్తే, ఉత్తమందు తీసుకున్నవారికంటే వారిలో చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. ఆ మాంసకృత్తి రక్తంలో ఎక్కువసేపు నిలవదు. పోనీ ఒకేచోట ఎక్కువగా ఉంచితే, ఉబ్బిన, కారిపోయే నాళాలు పుడతాయి. నేను కూడా మొదట ఈ పొరపాటే చేశాను. మా ముద్దలో దానిని ఊరకే కలిపాను. అది ఒకటి రెండు రోజులలోనే బయటకు కారిపోయింది. మొలచిన కొద్దిపాటి నాళాలలోకి రంగుద్రవాన్ని పంపితే అది గోడల నుంచి నలువైపులా చెమ్మగిల్లింది. ఏడాదిన్నర శ్రమ అలా చెదిరిపోయింది.

ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నా ముఖం చూసి నాన్న సంగతి అడిగారు. చెప్పాను. అరుగు మీద కృత్రిమ పాదాన్ని సవరించుకుంటూ ఆయన, “తూము తలుపు ఒక్కసారిగా ఎత్తేశావన్నమాట. గండి పడదూ మరి? కొద్దికొద్దిగా ఎత్తాలి. అడిగిన చేనుకు అడిగినంతే వదలాలి” అన్నారు.

శాస్త్రలోకం కూడా ఆ మాటే తనదైన పద్ధతిలో చెప్పి ఉన్నది. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో జ్యూరిచ్‌లో జెఫ్రీ హబ్బెల్ బృందం వి.ఇ.జి.ఎఫ్.ను ఫైబ్రిన్ అనే పందిరికి రసాయనబంధంతో కట్టివేసింది. కణం వచ్చి ఆ బంధాన్ని తెంచినప్పుడే అది విడుదలవుతుంది. అలా పుట్టిన నాళాలు మరింత క్రమంగా పెరిగాయి. 2005లో ఇటలీ శాస్త్రవేత్తలు వి.ఇ.జి.ఎఫ్. పనిని అనుకరించే పదిహేను అమైనో ఆమ్లాల చిన్న గొలుసును రూపొందించారు. అంత చిన్నది కనుక దానిని మేము మాంసకృత్తి రచనలోనే ఒక భాగంగా చేర్చగలిగాము.

రెండేళ్ల తరువాత ఒకనాటి ఉదయం సూక్ష్మదర్శినిలో చూస్తే, మా ముద్దలో సన్నని నాళాలు ఒకదానినొకటి వెదుక్కుంటూ వలలాగా కలుసుకుని ఉన్నాయి. నా కళ్లు చెమర్చాయి. కాని వారం తిరగకముందే ఆ వల ముడుచుకుపోయింది. వాటిలో రక్తం పారడం లేదు కదా! ప్రవాహం లేని నాళాన్ని దేహం కూడా నిలుపుకోదు. “నీరు పారని కాలువ పూడిపోతుందమ్మా” అన్నారు నాన్న, ఏమాత్రం ఆశ్చర్యపడకుండా. పెరిగిన వలను సకాలంలో పెద్ద నాళానికి కలపడం, దాని చుట్టూ గట్టి గోడలు ఏర్పడేటట్లు చూడడం ఇప్పుడు మా ముందున్న పని.

ఈ రంగంలో సఫలమైనవి లేకపోలేదు. 1999లో లారా నిక్లసన్ బృందం ప్రయోగశాలలో ధమనిని పెంచి చూపింది. ఆ బాటలోనే సాగిన కృషి ఫలితంగా, మానవకణాలు అల్లిన మాంసకృత్తుల గొట్టానికి 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. కణాలను కడిగివేసి, అల్లికను మాత్రం మిగిల్చిన ఆ నాళాన్ని, ప్రమాదాలలో కాలి లేక చేతి ధమని తెగి, రోగి సొంత సిరను వాడే వీలులేని పెద్దలకు అమర్చుతారు. అది ఆరు మిల్లీమీటర్ల పెద్ద కాలువ. పిల్లకాలువల పని ఇంకా మిగిలే ఉన్నది.

ఆ సంగతి చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత, “అయితే అమ్మాయ్, మీరు చేసేది నా కాలికి పనికొస్తుందా?” అని అడిగారు.

ఎన్నో ఏళ్లుగా నేను భయపడుతున్న ప్రశ్న అది. “రాదు నాన్నా. పోయిన కాలు తిరిగి రాదు” అన్నాను.

“మరి ఎవరికి పనికొస్తుంది?”

“ఇప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లకు రావచ్చు. రాకపోనూవచ్చు.”

ఆయన నవ్వారు. “మన కాలువ తవ్వినవాళ్లు మన ఊరి పంట తినలేదు కదమ్మా” అన్నారు.

అప్పుడు నేను అంతకాలం దాచుకున్న మాట చెప్పాను. 2011లో ఆ రాత్రి ఫోనులో నేను అడగవలసినవి అడగలేదనీ, అడిగి ఉంటే ఆయన కాలు దక్కేదేమోననీ చెప్పాను. ఆయన నన్ను ఓదార్చడానికి తొందరపడలేదు. “అడిగినా నేను ‘ఏం లేదు’ అనే అనేవాణ్ణేమో” అన్నారు. కాసేపాగి, “అయినా అడగవలసింది” అన్నారు. ఆ రెండవ మాట ఆయన నాకు చేసిన ఉపకారం. తప్పును తప్పు అని ఒప్పుకున్న తరువాతనే నా మనస్సు కొంత కుదుటపడింది.

అది మొదలు నేను ఇంటికి వెళ్లిన ప్రతిసారీ చేసే పని ఒకటి ఉన్నది. అరుగు మీద పీట వేసుకుని కూర్చుంటాను. నాన్న తన కుడిపాదాన్ని నా ఒడిలో పెడతారు. వెలుతురులో అరికాలు చూస్తాను, వేళ్ల సందులు చూస్తాను, మడమ పగుళ్లు చూస్తాను. వేలితో గోరును నొక్కి వదిలి, తెల్లబడిన చోటికి ఎరుపు తిరిగి రావడం గమనిస్తాను. ఆ ఎరుపు వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉంటాను.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు జీవశాస్త్రం చదవవచ్చు. నేను పూర్తిచేయలేని పని మీ చేతుల మీదుగా పూర్తి కావచ్చు. అందుకు చాలా సంవత్సరాలు పడుతుంది. కాని ఈ సాయంత్రం మీరందరూ చేయగలిగిన పని ఒకటి ఉన్నది. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలు ఎవరైనా ఉంటే, వారి పాదాలు చూపించమని అడగండి. “ఏం లేదు” అంటే ఆ మాట విని ఊరుకోకండి. వంగి, మీ కళ్లతో చూడండి. ఆఖరి చేను తడిసిందో లేదో గట్టు మీద నిలబడితే తెలియదు; అక్కడికి నడిచి వెళ్లాలి.